రెండో బంతిలో తావో

మీ ఇంట్లో నలుగురిని భోజనానికి పిలిచినప్పుడు మొదటి బంతికి ఎవరు కూర్చుంటారు? ఆలోచించి చెప్పనక్కర్లేదు, పోయినసారి ఎవరు కూర్చున్నారో గుర్తు తెచ్చుకుంటే చాలు. అరిటాకులు పోయి కాగితం ప్లేట్లు వచ్చాయనీ, బంతులు పోయి బఫే వచ్చిందనీ మీరనవచ్చు. వచ్చిన మాట నిజమే. ఆ బఫే బల్ల దగ్గర మొదట ప్లేటు పట్టుకునేది ఎవరు? గరిటె పట్టుకునేది ఎవరు? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూర ఎవరికి దక్కుతోంది? నేనడిగేది అది.

ఈ ప్రశ్నకూ చైనా తత్వానికీ సంబంధం ఉందని నాకు కేంబ్రిడ్జ్‌లో తెలిసింది. ఇంగ్లండులో ఉన్న కేంబ్రిడ్జ్ కాదు, అంటారియోలోని మా కేంబ్రిడ్జ్. ఫ్యాక్టరీలు, గోడౌన్లు, వాటి మధ్య ఇళ్లు.

విద్యార్థులు వెల్లువలా వచ్చిన రోజులవి. మా వీధిలో ఏ బేస్‌మెంట్ కిటికీ దగ్గర ఆగినా తెలుగో పంజాబీయో వినిపించేది. ఇండియన్ స్టోర్ నోటీసు బోర్డు నిండా గది కావాలి, రైడ్ కావాలి, పార్ట్‌టైం కావాలి అన్న చీటీలే. మా బేస్‌మెంట్‌లో నల్లగొండ వైపు అమ్మాయి ఒకతె అద్దెకుండేది. కాలేజీ చదువు పూర్తిచేసి, వర్క్ పర్మిట్ మీద హైవే అవతలి గోడౌన్లో పనిచేసేది. స్కానర్ పట్టుకుని అరల మధ్య తిరుగుతూ ఆర్డర్ల ప్రకారం సరుకు ఏరి బండిలో వేయడం ఆమె పని. నేను ఇంకోచోట, యంత్రభాగాలు చేసే ఫ్యాక్టరీలో, తయారైన భాగాలను కొలిచి చూసే విభాగంలో ఉండేదాన్ని.

నేను తెనాలి దగ్గర హేతువాద సభల్లో చాపల మీద కూర్చుని పెరిగాను. మా ఇంట్లో వాదన లేకుండా భోజనం ముగిసేది కాదు. ఏ మాట విన్నా రెండు ప్రశ్నలు అడగమని మా పెద్దలు నేర్పారు. ఇది నిజమని నీకెలా తెలుసు? దీనివల్ల లాభం ఎవరికి? ఈ రెండింటితోనే చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. మూడో ప్రశ్న ఒకటుందని ఆ అమ్మాయి ఉద్యోగం గొడవలో తెలిసింది.

గొడవకు మూలం మా ఊళ్లో అందరూ అంకుల్ అని పిలిచే ఒక పెద్దమనిషి. కాకినాడ వైపు మనిషి. అమెరికాలో గ్రీన్ కార్డు కోసం చూసి చూసి విసిగి కెనడా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నడుము నొప్పికని కమ్యూనిటీ సెంటర్‌లో తాయ్ చీ క్లాసులో చేరాడు. నొప్పి తగ్గింది. తగ్గించిన వ్యాయామంతో ఆగకుండా దాని వెనక ఉన్న చైనా వాళ్ల తావో మతాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. వాళ్ల హాల్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన నలుపూ తెలుపూ కలిసిన గుండ్రటి బొమ్మ వేలాడదీశాడు. శనివారం మధ్యాహ్నాలు విద్యార్థులను పిలిచి కాసేపు ఉపన్యాసం చెప్పి, తర్వాత భోజనం పెట్టించేవాడు. పెట్టేది ఆయన భార్య.

మనిషి చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. కొత్తగా దిగిన పిల్లలను టొరంటో ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లి తీసుకొచ్చేవాడు. చలికోట్లు సేకరించి ఇచ్చేవాడు. రెజ్యూమేలు దిద్దేవాడు. పిల్లలకు ఆయన మాట మీద అంత గురి కుదిరింది తత్వం వల్ల కాదు, ఎయిర్‌పోర్ట్ వల్ల. ఊరు కాని ఊళ్లో మొదటి రోజు అన్నం పెట్టిన మనిషి ఏం చెప్పినా ఎదురు చెప్పడానికి నోరు రాదు. మతాలు పెరిగేది సరిగ్గా ఇక్కడే. ముందు అన్నం, ఆ తర్వాత సిద్ధాంతం.

భోజనానికని నేనూ అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. ఆయన చెప్పేదాని సారం ఇది. మగవాడు యాంగ్, ఆడది యిన్. యాంగ్ అంటే వెలుగు, కదలిక, ఆకాశం. యిన్ అంటే నీడ, నిశ్చలత, భూమి. రెండూ ఉంటేనే లోకం. కాబట్టి ఎవరి స్వభావంలో వాళ్లుండాలి. చివర్లో ఒక మాట తప్పకుండా కలిపేవాడు: మన వాళ్లు చెప్పిన ప్రకృతి, పురుషుడు ఇవే, పేర్లే తేడా.

మనవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఇది. ఆ రెండు మాటలూ వచ్చిన సాంఖ్య దర్శనంలో కదిలేదీ, కల్పించేదీ, సమస్తమూ చేసేదీ ప్రకృతి. పురుషుడు ఏమీ చేయకుండా చూస్తూ కూర్చుంటాడు. చైనా వాళ్ల లెక్కలో కదిలేది యాంగ్, నిలకడగా ఉండేది యిన్. అంటే రెండు లెక్కలూ ఒకదానికొకటి తలకిందులు. రెండూ ఒకటేనని ఒక ఇంజనీరు ఎలా అనగలడు? ముగింపు ముందే సిద్ధంగా ఉంది కాబట్టి. ఆడది కదిలేదైతే వంటింట్లో కదలాలి, కదలనిదైతే వంటింట్లోంచి కదలకూడదు. ఎటు లెక్క వేసినా పొయ్యి దగ్గరే తేలుతుంది. ఫ్యాక్టరీలో ఇలాంటి కొలబద్ద దొరికితే మేం చెత్తబుట్టలో పడేస్తాం.

ఉపన్యాసం అయ్యాక బంతి. మగపిల్లలు బల్ల చుట్టూ కూర్చునేవారు, పెద్దాయన ఒక కొసన. ఆడపిల్లలు వడ్డించేవారు. వాళ్లు కూర్చునేసరికి అప్పడాలు మెత్తబడేవి. ఎవరూ చెప్పి చేయించింది కాదు. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని, గోడౌన్లో ఒకే బండి తోసే పిల్లలు ఆ ఇంటి గడప దాటగానే రెండుగా విడిపోయేవారు. నేను మొదటి బంతిలోనే కూర్చునేదాన్ని. వయసు చూసి ఎవరూ ఏమనేవారు కాదు.

ఆ గోడౌన్లో షిఫ్ట్ సూపర్‌వైజర్ ఖాళీ ఒకటి వచ్చింది. ఇందులో ఏముందో కెనడాలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెబుతాను. సరుకు ఏరే పని ఎన్నేళ్లు చేసినా పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, దాని దరఖాస్తులో ఆ పనికి విలువ లేదు. సూపర్‌వైజర్ అనుభవానికి ఉంది. వర్క్ పర్మిట్ ఒకసారే ఇస్తారు. అది అయిపోయేలోగా అలాంటి పని దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. మా బేస్‌మెంట్ అమ్మాయి పర్మిట్ తర్వాతి ఎండాకాలంతో అయిపోతుంది. అదే గోడౌన్లో పనిచేసే ఒంగోలు వైపు అబ్బాయి ఒకడున్నాడు, ఆమె క్లాస్‌మేటే. అతని పరిస్థితీ అంతే. అతనికి పాత కారు ఉంది. గోడౌన్ వైపు బస్సు వెళ్లదు కాబట్టి ఈమె రోజూ అతని కారులోనే పనికి వెళ్లేది. ఇద్దరూ ఆ ఉద్యోగానికి అర్హులే. దరఖాస్తుకు సోమవారం ఆఖరు.

గురువారం సాయంత్రం నా కుక్కర్ తిరిగివ్వడానికి ఆ అమ్మాయి పైకి వచ్చింది. కుక్కర్ బల్ల మీద పెట్టి వెళ్లకుండా నిలబడింది.

"ఆంటీ, అంకుల్ ఫోన్ చేసిండు. నేను అప్లై చెయ్యకపోతేనే మంచిదన్నడు."

"ఎందుకట?"

"నీళ్లు దేనితోని పోటీ పడవంట. కింద కింద ఉంటయి కాబట్టే వాటికంత బలమంట. నేను ఆ పిల్లగానితో పోటీకి పోతే నా యిన్ పాడైతదంట."

"నీ యిన్ సంగతి అలా ఉంచు. నీ పర్మిట్ పాడవదా?"

ఆమె నవ్వలేదు. "కారు కూడా వానిదే కద ఆంటీ. రేపు రైడ్ ఇయ్యకపోతే ఎట్ల పోవాలె?"

అబ్బాయి ఏమన్నాడని అడిగాను. అతనేమీ అనలేదట. ఆమెకేమనిపిస్తోందని అడిగితే, చెయ్యాలనే ఉందంది. కానీ దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కు వచ్చింది ఆయనే, నిద్రపోవడానికి మంచం ఇచ్చింది వాళ్లే, ఆ మనిషి ఫోన్ చేసి వద్దంటే సరే అంకుల్ అనే అన్నానంది. అనేసినప్పటి నుంచీ అన్నం సయించడం లేదంది.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతో ఫోన్ చేసి ఆయనతో పోట్లాడొచ్చు. కానీ చదవని పుస్తకాన్ని తిట్టడం మా సభల్లో ఒప్పుకునేవారు కాదు. శుక్రవారం పని అయ్యాక లైబ్రరీకి వెళ్లి, తావో మార్గానికి మూలమని చెప్పే ఆ చిన్న పుస్తకానికి ఇంగ్లీషు అనువాదాలు రెండు తెచ్చుకుని, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

నిజం చెప్పాలంటే ఏదో ఒక కొత్త మనుధర్మం దొరుకుతుందనే అనుకున్నాను. దొరికింది వేరు. నీరు గొప్పదన్న మాట ఉంది. లోయ గొప్పదని ఉంది, మెత్తనిది గట్టిదాన్ని గెలుస్తుందని ఉంది. మగతనం ఏమిటో తెలిసినా ఆడతనాన్ని పట్టుకుని ఉండమన్న అర్థం వచ్చే మాటలూ ఉన్నాయి. అయితే ఆ మాటలు వినాల్సినవాడు ఎవడు? పుస్తకం పొడవునా సలహాలు అందుకునేది రాజ్యమేలేవాడు. సైన్యం ఉన్నవాడు, పన్నులు వేసేవాడు, పెద్ద దేశానికి అధిపతి. నీ చేతిలో బలం ఉంది కాబట్టి నువ్వు తగ్గు, నువ్వు కింద కూర్చో, నువ్వు మెత్తబడు అని వాడికి చెప్పడం అది. ఇప్పటికే కింద ఉన్నవాళ్లను ఇంకా కిందికి పొమ్మని చెప్పిన చోటు నాకు కనబడలేదు.

మన పెద్దాయన ఏం చేశాడు? రాజుకు రాసిన సలహాను గోడౌన్లో బండి తోసే అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించాడు. పుస్తకంలో ఆడతనం అన్న మాట కనబడగానే అది ఆడవాళ్ల కోసం చెప్పిందేనని తీర్మానించుకున్నాడు. మనకు చిన్నప్పటి నుంచీ పట్టిన అలవాటు అది. సహనం అన్న మాట ఎక్కడ వినిపించినా మన చూపు ఇంట్లో ఆడపిల్ల వైపే తిరుగుతుంది. నాకు దొరికిన మూడో ప్రశ్న ఇదే: ఈ మాట ఎవరికి చెప్పారు?

అలాగని నేనా పుస్తకానికి భక్తురాలిని కాలేదు. ఆడతనాన్ని అంతగా పొగిడిన ఆ పుస్తకంలో ఒక్క ఆడమనిషైనా నోరు విప్పదు. ఆమె ఒక పోలిక మాత్రమే. రాజు మెత్తదనం నేర్చుకోవాల్సింది కూడా ఆమె కోసం కాదు, తన రాజ్యం నిలవడం కోసం. తర్వాతి కాలంలో ఆ మార్గంలో స్త్రీలు గురువులై దీక్షలు ఇచ్చారని ముందుమాటల్లో చదివి సంతోషించాను. ఆ కాలంలో ఆ దేశపు వంటిళ్లలో ఎవరున్నారో మాత్రం ఏ ముందుమాటలోనూ లేదు. మన దగ్గర అమ్మవారికి గుడి కట్టినంత మాత్రాన ఇంట్లో అమ్మ ముందుగా తిన్నదా? పూజకు వాడుకున్న పోలిక హక్కుగా మారదు. మార్చాలంటే ఎవరో ఒకరు లేచి అడగాలి.

శనివారం వెళ్లాను. ఆ అమ్మాయి నా కారులోనే వచ్చింది. ఏం మాట్లాడాలో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆరోజు ఉపన్యాసం కూడా నీటి గురించే. ఆయన ఆపగానే నేను లైబ్రరీ పుస్తకాలు తీసి వాదన మొదలుపెట్టాను. సాంఖ్యం ఎలా తలకిందులో చెప్పాను. సలహా ఎవరికి రాశారో చెప్పాను. కుర్రాళ్లు మర్యాదగా విన్నారు. ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు. వంటింట్లోంచి పప్పు పోపు వాసన వస్తోంది, అందరికీ ఆకలిగా ఉంది.

పెద్దాయన చిరునవ్వు చెదరలేదు. "అక్కయ్యగారూ, మీరు మెదడుతో చదివారు. దీన్ని నాభితో చదవాలి" అన్నాడు.

"నాభికి సరిపడే కళ్లజోడు నా దగ్గర లేదండీ" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతో నా వాదన చెల్లిపోయింది. సభల్లో ఇది నేను చాలాసార్లు చూశాను. చమత్కారం బాగా పండితే జనం తీర్పు చెప్పడం మానేసి లేచిపోతారు. అప్పుడూ అంతే అయింది. లోపల్నుంచి ఆయన భార్య వడ్డనకు రమ్మని కేకేసింది. కుర్రాళ్లు కుర్చీలు లాక్కున్నారు. పెద్దాయన తన కొసన కూర్చున్నాడు. మా అమ్మాయి ప్లేట్ల దొంతర పట్టుకుని వచ్చి, ఆయన ముందు ఒక ప్లేటు పెట్టబోయి ఆగింది.

"అంకుల్, ఒకటడగాలె."

"అడుగమ్మా."

"నీళ్లు కిందికి పోతయి, అందుకే గొప్పయి అన్నరు కద."

"అవును మరి."

"అంత గొప్ప జాగ ఎప్పుడూ మాకే ఎందుకిస్తున్నరు? ఈసారి మీరు తీస్కోండి. ఇయ్యాల మీరు రెండో బంతిల కూసోండి అంకుల్, మేం ముందు తింటం."

కుర్చీల చప్పుడు ఆగింది.

ఆయన తడుముకోకుండానే జవాబిచ్చాడు. "అది లోపలి స్థితమ్మా. భోజనాల సంగతి కాదు."

"మీరు నాకు ఫోన్ చేసింది నౌకరి సంగతే కద అంకుల్. నా నౌకరి దగ్గర బయటిదైంది, మీ ప్లేటు దగ్గరికొస్తే లోపలిదెట్ల అయితది?"

నేను రెండు అనువాదాలతో చెప్పలేనిది ఆమె ఒక ప్లేటుతో చెప్పింది. ఆయన గుడ్లురిమి ఉంటే సులువుగా ఉండేది. ఉరమలేదు. గోడ మీది బొమ్మ వైపు చూశాడు, ఏదో గుర్తొస్తుందన్నట్టు.

ముందు లేచింది ఒంగోలు అబ్బాయి. ఆమె చేతిలోంచి ప్లేట్లు తీసుకున్నాడు. "నేను వడ్డిస్తానండీ. సాంబారు మాత్రం నాకివ్వకండి, కార్పెట్ మీద పోతుంది" అన్నాడు. మరో ఇద్దరు లేచారు. పెద్దాయన కూడా లేచాడు. లేచి ఎక్కడ నిలబడాలో తెలియక ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు. ఆ ఇంటి గృహిణి వద్దు వద్దంటూనే వచ్చి, భర్త ఖాళీ చేసిన కుర్చీలో అంచు మీద కూర్చుంది. పప్పూ అన్నం కలిపి ఒక ముద్ద తిని ముఖం చిట్లించింది.

"ఇదేంటి, ఉప్పే లేదు. నా వంతుకు పప్పు మిగిలితేగా నాకు తెలియడానికి. ఇన్ని శనివారాలూ ఇలాగే తింటున్నారా మీరంతా?"

"యిన్ అంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాం ఆంటీ" అన్నాడు ఆ అబ్బాయి.

ఆమె పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు. ఉప్పు డబ్బా తెచ్చింది పెద్దాయన. అది ఏ అరలో ఉందో ఆయనకు తెలియక రెండు తలుపులు తీసి చూడాల్సి వచ్చింది.

సోమవారం ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ఆదివారం సాయంత్రం మా బేస్‌మెంట్‌లోనే కూర్చుని, ఒకరి రెజ్యూమే ఒకరు చూసుకుని, ఇంటర్వ్యూ ప్రశ్నలు అడుక్కున్నారు. ఉద్యోగం ఆమెకు వచ్చింది. సాయంత్రం షిఫ్టు కావడంతో అతని కారు ఆమె వేళలకు కుదరలేదు. ఆమె డ్రైవింగ్ టెస్టు అయ్యేదాకా నేను దింపాను, కుదరని రోజు తోటి పనివాళ్లెవరో ఎక్కించుకున్నారు. అబ్బాయి తర్వాత పక్క ఊరు గ్వెల్ఫ్‌లో మరోచోట చూసుకున్నాడు. అలిగాడా అంటే అలిగాడు, కొన్ని వారాలు. తర్వాత తనే ఫోన్ చేశాడు.

ఉద్యోగం రాకపోయినా నేనిది రాసేదాన్నే. ఇంటర్వ్యూలో ఓడిపోతే అది ఆమె ఓటమి అయ్యేది. ఫోన్లో విన్న ఉపదేశానికి తలవంచి ఉంటే అది ఓటమి కూడా కాదు, ఏమీ జరగనట్టే. అలా ఏమీ జరగకుండా పోయిన ఆడవాళ్ల జీవితాలను మనం సహనం అని పిలిచి దండలు వేస్తున్నాం.

పెద్దాయన శనివారాలు మానలేదు. తర్వాత నేను వెళ్లినప్పుడు తనే గరిటె పట్టుకుని తిరుగుతూ, వడ్డనలో ఉన్న తావో గురించి చాలాసేపు ఉపన్యసించాడు. పప్పు చల్లారిపోయింది. నాకు అభ్యంతరం లేదు. గరిటె చేతిలో ఉన్నంతసేపు ఏ తత్వమైనా చెప్పుకోనివ్వండి.

ఇక మీ వంతు. ఈసారి ఎవరైనా మీ ఇంటి ఆడపిల్లకు తగ్గి ఉండమని చెబితే, ఆ మాట చైనా నుంచి వచ్చినా మన ఊరి పీఠం నుంచి వచ్చినా, ముందు మీరు తగ్గి చూపించండని అతని ముఖం మీదే అడగండి. అంతకంటే ముందు మీ ఇంట్లో మొదలుపెట్టండి. వచ్చే వారం చుట్టాలు వచ్చినప్పుడు మొదటి బంతిలోంచి లేవండి. గరిటె మీరు తీసుకోండి. వండిన మనిషి కూర్చుని, వేడివేడిగా తిని, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేదాకా మీరు కూర్చోకండి.